ఆవర్తన పట్టికను చదవడం – మూడవ పాఠం: సోడియం నుంచి ఆర్గాన్ వరకు

గత రెండు పాఠాలలో పరమాణు సంఖ్యను బట్టి ఎలక్ట్రాన్లను కర్పరాలలో నింపడం, బాహ్య కర్పరాన్ని బట్టి మూలకానికి గ్రూపు, పీరియడ్ నిర్ణయించడం నేర్చుకున్నాం. ఈసారి ఎదురు దిశలో వెళదాం. పట్టికలో మూలకం ఉన్న చోటును మాత్రమే చూసి, దాని పరమాణువు తన చివరి ఎలక్ట్రాన్‌ను ఎంత గట్టిగా పట్టి ఉంచుతుందో ముందుగా అంచనా వేసి, ఆ తరువాత ప్రయోగంలో వచ్చిన విలువతో సరిచూడాలి.

ఇందుకు మనకు పనికివచ్చే కొలత ప్రథమ అయనీకరణ శక్తి. వాయుస్థితిలో విడిగా ఉన్న తటస్థ పరమాణువు నుంచి అన్నిటికంటే వదులుగా ఉన్న ఎలక్ట్రాన్‌ను తొలగించడానికి కావలసిన శక్తి అది. మూడవ పీరియడ్ విలువలు, మోల్‌కు కిలోజౌళ్లలో, ఇవి: సోడియం 496, మెగ్నీషియం 738, అల్యూమినియం 578, సిలికాన్ 786, ఫాస్ఫరస్ 1012, సల్ఫర్ 1000, క్లోరిన్ 1251, ఆర్గాన్ 1521. వీటిని గ్రాఫు కాగితం మీద గుర్తించి, బిందువులను కలిపిన తరువాతే ముందుకు చదవండి.

గీత మొత్తం మీద పైకి వెళుతుంది. సోడియం కేంద్రకంలో 11 ప్రోటాన్లుంటే ఆర్గాన్‌లో 18 ఉన్నాయి. లోపలి రెండు కర్పరాలలోని 10 ఎలక్ట్రాన్లు మాత్రం అన్నిటిలోనూ అవే. కొత్తగా చేరే ఎలక్ట్రాన్లన్నీ మూడవ కర్పరంలోకే వస్తాయి కాబట్టి, అవి కేంద్రక ఆకర్షణను ఒకదానికొకటి అంతగా అడ్డుకోలేవు. ఆకర్షణ పెరిగినకొద్దీ పరమాణువు కుంచించుకుపోతుంది: సోడియం వ్యాసార్ధం 186 పికోమీటర్లు, క్లోరిన్‌ది 99. గ్రూపులో కిందికి దిగితే దీనికి వ్యతిరేకం. ప్రథమ అయనీకరణ శక్తి లిథియంకు 520, సోడియంకు 496, పొటాషియంకు 419.

ఇక గీత రెండు చోట్ల ఎందుకు వంగిందో చూడాలి. ఈ పాఠానికి ప్రాణం అక్కడే ఉంది. ఒక్కో కర్పరం ఎస్, పి వంటి ఉపకర్పరాలుగా, అవి రెండేసి ఎలక్ట్రాన్లు మాత్రమే పట్టే ఆర్బిటాళ్లుగా విడిపోతాయి. మెగ్నీషియం చివరి రెండు ఎలక్ట్రాన్లు మూడవ కర్పరంలోని ఎస్, అంటే 3ఎస్ ఆర్బిటాల్‌లో ఉండగా, అల్యూమినియం పదమూడవ ఎలక్ట్రాన్ 3పి లోకి చేరుతుంది. 3పి శక్తి 3ఎస్ కంటే ఎక్కువ; పైగా 3ఎస్‌లోని జంట దానికీ కేంద్రకానికీ మధ్య కొంత తెరగా నిలుస్తుంది. అందువల్ల ప్రోటాన్ ఒకటి పెరిగినా ఎలక్ట్రాన్ సులభంగా ఊడివస్తుంది. రెండవ వంపుకు కారణం వేరు. ఫాస్ఫరస్‌లో మూడు 3పి ఆర్బిటాళ్లలోనూ ఒక్కొక్క ఎలక్ట్రాన్ ఉంటుంది. సల్ఫర్‌లో నాలుగవది వాటిలో ఒకదానిలో జంటగా చేరక తప్పదు, ఆ జంట మధ్య వికర్షణ దానిని తొలగించే పనిని తేలిక చేస్తుంది. ఈ వంపులను నియమానికి మినహాయింపులుగా కంఠస్థం చేయించడం నాకు సమ్మతం కాదు. కర్పరం లోపల ఉపకర్పరాలున్నాయని అంకెలే చెబుతున్నప్పుడు వాటిని కారణంతో సహా వినాలి.

కర్పరాల మధ్య ఎడం ఇంకా స్పష్టంగా కనబడాలంటే, ఒకే పరమాణువు నుంచి వరుసగా ఎలక్ట్రాన్లను తీసి చూడాలి. సోడియంకు మొదటి విలువ 496 కాగా రెండవది 4562. మెగ్నీషియంకు 738, 1451, ఆపైన ఒక్కసారిగా 7733. ఎక్కడ ఈ దూకుడు కనిపిస్తే అక్కడ బాహ్య కర్పరం ఖాళీ అయిందని అర్థం. సోడియం సమ్మేళనాలలో ఒక ధనావేశంతో, మెగ్నీషియం రెండింటితో కనిపించడానికి కారణం ఇదే. మెండెలీవ్ 1869లో పట్టికను ప్రకటించే నాటికి ఎలక్ట్రాన్ ఎవరికీ తెలియదు; జె.జె. థామ్సన్ దానిని గుర్తించింది 1897లో. రసాయన ధర్మాలను, పరమాణు భారాలను పోల్చి చేసిన అమరికలో కర్పరాల నిర్మాణం అప్పటికే దాగి ఉండడం నాకు నేటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది.

అభ్యాసం రెండు భాగాలు. నాలుగవ పీరియడ్‌లోని ఒక మూలకానికి మొదటి మూడు అయనీకరణ శక్తులు 590, 1145, 4912. అది ఏ గ్రూపుకు చెందినదో, దాని క్లోరైడ్ ఫార్ములా ఏమిటో రాయండి. తరువాత రెండవ పీరియడ్‌లో గీత ఏ మూలకాల దగ్గర వంగుతుందో కారణంతో సహా ముందే రాసుకొని, ఈ విలువలతో సరిచూడండి: బెరీలియం 900, బోరాన్ 801, నైట్రోజన్ 1402, ఆక్సిజన్ 1314. నాలుగవ పాఠం ఇదే పద్ధతిని ఎలక్ట్రాన్‌ను చేర్చుకునే పరమాణువులకు, అంటే హాలోజన్లకు, వర్తింపజేస్తుంది.