ఇండియా-పాక్ అణుయుద్ధం అంటూ ఫోన్ మోగిపోతుంటే ఏం చూడాలి, ఏం వదిలేయాలి

మే 2025లో కాల్పులు ఆగాక కూడా మా ఫ్యామిలీ గ్రూప్ ఆగలేదు, పాకిస్తాన్‌లో అణ్వాయుధాలు దాచారని చెప్పుకునే కిరానా హిల్స్‌లో రేడియేషన్ లీకైందంట అని మా బాబాయ్ ఒకటే ఫార్వర్డులు. అలాంటప్పుడు నేనేం చూస్తానో రాస్తున్నా, పనికొస్తే వాడుకోండి.

ముందు మంత్రుల స్టేట్‌మెంట్లు పక్కన పెట్టేయండి, ఉత్తరకుమారులు రెండు వైపులా ఉన్నారు. పాక్‌లో అణ్వాయుధాల నిర్ణయం నేషనల్ కమాండ్ అథారిటీది, మే 10 పొద్దున ఆ మీటింగ్ పిలిచారనగానే చానళ్లు ఊగిపోయాయి, కాసేపటికి వాళ్ల డిఫెన్స్ మినిస్టరే అలాంటి మీటింగేం లేదన్నాడు. అదే రోజు మధ్యాహ్నం 3:35కి రెండు దేశాల డీజీఎంవోలు (సైన్యంలో ఆపరేషన్లు చూసే పెద్దాఫీసర్లు) ఫోన్లో మాట్లాడుకున్నారు, సాయంత్రం 5 నుంచి కాల్పులు బంద్. అందుకే నేను వార్తలో డీజీఎంవో అన్న మాట కోసం వెతుకుతా.

లీక్ అంటే ఐఏఈఏ (అంతర్జాతీయ అణుశక్తి సంస్థ) ఏమందో చూడండి. కిరానా గొడవప్పుడు పాక్‌లో ఎక్కడా లీక్ లేదని వాళ్లే చెప్పారు.

జనవరి 1న పేపర్లో ఓ మూల చిన్న వార్త వస్తుంది, రెండు దేశాలు అణు కేంద్రాల లిస్టులు ఇచ్చిపుచ్చుకున్నాయని. వాటి మీద దాడి చేయొద్దని 1988లో రాసుకున్న ఒప్పందం అది, 1992 నుంచి ఏటా జరుగుతోంది, పార్లమెంటు మీద దాడి తర్వాత సైన్యాలు బోర్డర్లో ఎదురెదురుగా నిలబడ్డ 2002లో కూడా ఆపలేదు. ఏ ఏడాదైనా అది రాకపోతే అప్పుడు కంగారు పడండి.

అగ్ని మిసైల్ టెస్ట్ అంటే (మన హైదరాబాద్ ల్యాబుల సరుకే) కంగారొద్దు. అగ్ని లాంటి బాలిస్టిక్ మిసైల్ (పైకి లేచి వంపు తిరిగి పడేది) టెస్టుకి కనీసం 3 రోజుల ముందు చెప్పుకోవాలని 2005 ఒప్పందం ఉంది. కానీ దాంట్లో క్రూయిజ్ మిసైళ్లు (విమానంలా ఎగురుతూ వెళ్లేవి) లేవు, అదీ బొక్క. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్రూయిజ్ మిసైల్ ఒకటి పొరపాటున లేచి పాక్‌లో మియాన్ చన్ను దగ్గర పడింది, ఎవరూ చనిపోలేదు, మనవాళ్లు మావల్లే, సాంకేతిక లోపం అని బయటికి చెప్పింది 11న. ముందుగా అణుబాంబు వాడం అని మనం 2003లో రాసుకున్నాం, పాక్ అలాంటి మాట ఇవ్వలేదు, పైగా బోర్డర్ దాటే మన ట్యాంకుల కోసం 60-70 కిలోమీటర్లు వెళ్లే నస్ర్ అనే చిన్న అణు మిసైల్ పెట్టుకుంది. అలాంటి చోట ఇటునుంచి ఏదో దూసుకొస్తుంటే లోపల ఏముందో తేల్చుకోడానికి వాళ్లకి నిమిషాలే టైం.

అందుకే లోపలి పేజీలో ‘సాంకేతిక లోపం’ అని నాలుగు లైన్ల వార్త కనిపిస్తే, దాన్ని మాత్రం చివరిదాకా చదవండి.