స్మిత్‌ల తాత ష్మిట్టా? అమెరికాకు వలసొచ్చిన జర్మన్ పూర్వీకుణ్ణి వెతికే దారి

న్యూయార్క్ రేవులోని వలసదారుల తనిఖీ కేంద్రం ఎల్లిస్ ఐలాండ్‌లో గుమాస్తా పేరు మార్చేశాడని చాలా ఇళ్లలో చెబుతారు. అది నమ్మి వెతికితే కాలం వృథా. అక్కడి అధికారుల చేతిలో ఉండేది ఓడతో పాటు వచ్చిన ప్రయాణికుల జాబితా. దాంతో మనిషిని సరిచూసుకునేవారే గానీ కొత్త పేరు పెట్టేవారు కాదు. పైగా ఆ కేంద్రం తెరిచింది 1892లో, అప్పటికే లక్షల మంది జర్మన్లు వచ్చేశారు. పేరు మారింది ఆ తర్వాత, మెల్లమెల్లగా: బడిలో, పొలం దస్తావేజుల్లో, కొందరికి 1917–18 యుద్ధకాలపు జర్మన్ ద్వేషం వల్ల. కాబట్టి ముందు అమెరికా కాగితాలే తిరగేయాలి.

1900 జనాభా లెక్కల్లో వలస వచ్చిన సంవత్సరం, పౌరసత్వం వివరం ఉంటాయి. అక్కణ్ణుంచి వెనక్కి నడవండి. 1890 లెక్కలు 1921 అగ్నిప్రమాదం వల్ల దాదాపు పోయాయి. ఆ ఖాళీని నగర డైరెక్టరీలతో (ఊళ్లో ఉండేవారి పేర్లు, చిరునామాల పుస్తకాలతో) పూడ్చాలి. పౌరసత్వ పత్రాల్లో పుట్టిన ఊరు కచ్చితంగా దొరికేది 1906 సెప్టెంబరు తర్వాతే. అంతకు ముందువి చాలావరకు దేశం పేరుతోనే సరిపెడతాయి.

అసలు నిధి అమెరికాలోని జర్మన్ చర్చి రిజిస్టరు. జనాభా లెక్కల గుమాస్తా చెవికి తోచినట్టు రాశాడు, ఊరి బదులు ‘ప్రష్యా’ అని అప్పటి జర్మన్ రాజ్యం పేరు రాసేసి ఊరుకున్నాడు. జర్మన్ పాస్టరు మాత్రం పేరు సొంత వర్ణక్రమంతో రాసేవాడు, పెళ్లి, ఖనన నమోదుల్లో తరచు స్వగ్రామం కూడా చేర్చేవాడు. అందుకే కుటుంబం లూథరన్లా, రిఫార్మ్‌డా (ఈ రెండూ ప్రొటెస్టెంట్ శాఖలే), క్యాథలిక్కులా అన్నది తొందరగా తేల్చుకోండి. సొంత మనిషి నమోదు దొరక్కపోతే అన్నదమ్ములవి, పెళ్లి సాక్షులవి, పక్కింటి జర్మన్లవి చూడండి; ఒకే ఊరివాళ్లు గుంపుగా కదిలేవారు.

పేరు మారడంలో మూడు దారులున్నాయి. శబ్దం నిలిచి వర్ణక్రమం మారడం: ష్నైడర్ స్నైడర్ అయింది, హూబర్ హూవర్ అయింది. అర్థాన్ని అనువదించడం: త్సిమ్మర్‌మన్ కార్పెంటర్, ష్వార్జ్ బ్లాక్. దగ్గరి ఇంగ్లిష్ పేరులో కలిసిపోవడం: ష్మిట్ స్మిత్. పేర్లను శబ్దాన్ని బట్టి సంకేతాలుగా మార్చే సౌండెక్స్ వెతుకులాటలో ష్మిట్, స్మిత్ రెండూ ఎస్530 కిందే వస్తాయి. కానీ మొదటి అక్షరం మారితే అది చేతులెత్తేస్తుంది: యుంగ్ (Jung) జె520, యంగ్ (Young) వై520. అలాంటివి, అనువాద పేర్లు విడివిడిగా వెతకాల్సిందే. బి–పి, డి–టి, జి–కె తారుమారు చేసి కూడా చూడండి. అన్నదమ్ములందరికీ ముందు యోహాన్ ఉండటం మామూలే. పిలిచే పేరు రెండోది, యోహాన్ హైన్రిష్ అమెరికాలో హెన్రీ అవుతాడు.

హాంబర్గ్ ఓడల జాబితాలు 1850–1934 కాలానికి చాలావరకు ఉన్నాయి, నివాసపు ఊరూ చెబుతాయి. బ్రెమెన్‌వి మాత్రం అత్యధికం నశించాయి. అక్కడ ఎక్కినవారికి అమెరికా రేవు జాబితాలే గతి.

ఊరు దొరికాక పాత జర్మన్ ఊళ్ల పేర్ల నిఘంటువు మేయర్స్ గెజెటీర్‌లో సరిచూడండి. నొయ్‌స్టాట్ పేరుతోనే చాలా ఊళ్లున్నాయి. జర్మన్ సామ్రాజ్యమంతటా పౌర నమోదు (జనన, వివాహ, మరణాల ప్రభుత్వ నమోదు) 1876లో మొదలైంది, అంతకు ముందుకి చాలాచోట్ల చర్చి పుస్తకాలే ఆధారం. ప్రొటెస్టెంట్లవి ఆర్కియాన్ వెబ్‌సైటులో డబ్బు కట్టి, క్యాథలిక్కులవి మాత్రికులా వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. రెండింటిలోనూ అన్ని ఊళ్లవీ లేవు. కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాతలో ‘ఇ’ (e) అక్షరం ‘ఎన్’ (n)లా కనిపించి తప్పుదారి పట్టిస్తుంది. పాత పుస్తకాల్లో ఆడవారి ఇంటిపేరుకు చివర తరచు ‘ఇన్’ చేరుతుంది: మ్యూలరిన్.

పేరు, ఏడాది కలిసినంత మాత్రాన మన మనిషే అనుకోవద్దు. పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, తోబుట్టువులు కలవాలి. ఆ బిడ్డ చిన్నప్పుడే చనిపోలేదనీ, పెద్దయ్యాక ఆ ఊళ్లోనే పెళ్లాడి స్థిరపడలేదనీ అక్కడి ఖనన, వివాహ పుస్తకాల్లో చూసుకున్నాకే వంశవృక్షంలో చేర్చండి.