పోటీ ఎయిర్ పిస్టల్ ఏటా సర్వీసింగ్ - 4వ పాఠం: కొత్త రింగు వేసినా గాలి ఎందుకు పోతోంది?

ఈ పాఠంలో రెగ్యులేటర్ (సిలిండర్ నుంచి వచ్చే గాలి ఒత్తిడిని తగ్గించి ఒకే తీరుగా ఉంచే భాగం) విప్పాల్సింది. కానీ గత పాఠం చూసి ఓ-రింగులు (గాలి పోకుండా ఆపే రబ్బరు రింగులు) మార్చినవాళ్ళలో చాలామంది ఒకేచోట చిక్కుకున్నారు. కొత్త రింగు వేశారు, తెల్లారి చూస్తే గేజు ముల్లు దిగి ఉంది. కొందరు అదే రింగును మళ్ళీ మార్చారు. కొందరు సిలిండర్‌ను పట్టకారుతో బిగించి మర మీద గాట్లు పెట్టుకున్నారు. సిలిండర్‌ను చేత్తో బిగిస్తే చాలు. గాలిని ఆపేది రింగు, మర బిగింపు కాదు. ఈ లీకు సంగతి తేలాకే రెగ్యులేటర్ జోలికి వెళ్దాం.

ముందు అది లీకేనా అన్నది తేల్చుకోండి. గాలి చల్లబడితే ప్రెజర్ తగ్గుతుంది. 30 డిగ్రీల గదిలో 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) చూపిన సిలిండర్ 20 డిగ్రీలకు వచ్చేసరికి 193 దగ్గర ఉంటుంది. చుక్క గాలి కూడా పోకుండానే 7 బార్లు తగ్గుతాయి. గబగబా నింపితే తేడా ఇంకా ఎక్కువ. నింపేటప్పుడు సిలిండర్ వేడెక్కి 45 డిగ్రీలకు చేరిందనుకోండి, అది 30కి చల్లారాక 200 కాస్తా 190 అవుతుంది. అందుకే మెల్లగా నింపండి, అరగంట ఆగి అప్పుడు అంకె రాసుకోండి. గేజు చిన్నది, 5 బార్ల తేడా కంటికి ఆనదు. ప్రతిసారీ ఎదురుగా ఫోన్ పెట్టి ఫోటో తీసి పోల్చుకోవడం నా పద్ధతి.

నిజంగానే పోతోందని తేలితే, ఎక్కడినుంచో పట్టుకోవాలి. ఒక రాత్రి సిలిండర్‌ను విడిగా ఉంచండి. మర్నాడు రాత్రి పిస్టల్‌కు తగిలించి ఉంచండి. విడిగా ఉన్నప్పుడే పోతుంటే లోపం సిలిండర్ వాల్వ్‌ది. దాన్ని మీరు విప్పవద్దు, తయారీదారు సర్వీసుకు పంపండి. ఒత్తిడి ఉన్న సిలిండర్ వాల్వ్ మర తిప్పితే అది తుపాకీ గుండులా ఎగిరి వస్తుంది. తగిలించినప్పుడే పోతుంటే లోపం పిస్టల్‌లో ఉంది. సబ్బు నీళ్ళలో ముంచిన సన్న కుంచెతో సిలిండర్ కలిసే చోటు చుట్టూ రాయండి. బుడగలు అక్కడే వస్తే ఆ రింగు, దాని గాడి చూడాలి. రెగ్యులేటర్ గొట్టం పక్కన సన్నటి రంధ్రం ఉంటుంది. అక్కడ బుడగలొస్తే రెగ్యులేటర్ పిస్టన్ రింగు అరిగింది. ఆ రంధ్రం బయటి గాలి కోసం పెట్టినది, దాన్ని మైనంతోనో జిగురుతోనో మూయకండి. ఈ రెండు చోట్లా ఏమీ లేకపోతే, పెల్లెట్ లేదని చూసుకుని, బ్రీచ్ (బ్యారెల్ వెనక పెల్లెట్ పెట్టే చోటు) మూసి, బ్యారెల్ చివర పల్చటి రబ్బరు వేలితొడుగు తొడిగి రెండు గంటలు వదిలేయండి. అది ఉబ్బితే ఫైరింగ్ వాల్వ్ (కాల్చినప్పుడు గాలిని బ్యారెల్‌లోకి వదిలే వాల్వ్) పట్టడం లేదని అర్థం. చాలాసార్లు వాల్వ్ ఆనే సీటు మీద నలుసు ఉంటుంది. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు, సురక్షితమైన దిక్కుకు పెట్టి పది పదిహేనుసార్లు కాలిస్తే నలుసు కొట్టుకుపోవచ్చు. పోకపోతే వాల్వ్, సీటు రెండూ కలిపి మార్చాలి. పాత సీటు మీద కొత్త వాల్వ్ కూర్చోదు.

ఇక్కడ ఒక పొరపాటు పదేపదే కనబడుతోంది. రాత్రి గాలి పోతోందని బ్రీచ్ రింగు మార్చారు. బ్రీచ్ రింగుకు గాలి తగిలేది కాల్చిన ఆ క్షణంలోనే, మిగతా సమయంలో దాని మీద ఒత్తిడే ఉండదు. అది పాడైతే గేజు దిగదు, పెల్లెట్ వేగం తగ్గి టార్గెట్ మీద షాట్ల గుంపు కిందికి జారుతుంది. దాన్ని పరీక్షించాలంటే బ్రీచ్ సందు మీద టిష్యూ కాగితం పీలిక ఆనించి కాల్చండి. పీలిక అదిరితే మార్చండి.

ఇక గాడి. రింగును సూదితోనో ఉక్కు కొక్కెంతోనో లాగితే గాడి అడుగున గీత పడుతుంది. ఎంత మంచి రింగు వేసినా గాలి ఆ గీత వెంటే దారి చేసుకుంటుంది. వెదురు పుల్లగానీ ప్లాస్టిక్ కొక్కెంగానీ వాడండి. గాడిని నూలుపోగులు రాలని గుడ్డతో తుడిచి, దీపం పక్కనుంచి పడేలా పెట్టి భూతద్దంలో చూడండి. గాడి పొడవునా చుట్టూ ఉన్న సన్న గీతలు యంత్రం కోసినవి, వాటితో ఇబ్బంది లేదు. గాడికి అడ్డంగా, గోటికి తగిలే గీత ఉంటే ఆ భాగాన్నే మార్చాలి.

కొలత మరో సంగతి. పాత రింగును కొలిచి కొత్తది కొనకండి, వాడిన రింగు అణిగిపోయి ఉంటుంది. విడిభాగాల పటంలో ఉన్న కొలతే తీసుకోండి. లోపలి వ్యాసం ఎంత ముఖ్యమో రింగు మందం అంత ముఖ్యం. గాడిలో 1.40 మిల్లీమీటర్ల చోటు ఉందనుకుందాం. 1.78 మందం రింగు అందులో 0.38 అణుగుతుంది, అంటే సుమారు ఐదో వంతు. బాగా పడుతుంది. అదే 1.50 రింగు 0.10 మాత్రమే అణుగుతుంది. చేతికి సరిపోయినట్టే ఉంటుంది, 200 బార్లు రాగానే వదిలేస్తుంది. పదార్థం నైట్రైల్ రబ్బరు అయితే, సిలిండర్ వైపు నేను షోర్ ఎ కొలతలో 70 కన్నా 90 గట్టిదనం ఉన్నదే వేస్తాను. మెత్తటిది ఎక్కువ ఒత్తిడికి సందులోకి పిండుకుపోయి అంచు తెగుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, నూనె. దయచేసి గాలి వెళ్ళే దారిలో ఏ పెట్రోలియం నూనే వేయకండి. కుట్టుమిషను నూనె వద్దు, తుప్పు వదిలించే స్ప్రే వద్దు, వాహనాల గ్రీజు వద్దు. గాలి ఒక్కసారిగా నొక్కుకుపోతే విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడికి నూనె ఆవిరి అంటుకుంటుంది. ముఖ్యంగా 300 బార్ల ట్యాంకు నుంచి వాల్వ్ ఒక్కసారిగా తెరిచినప్పుడు, నింపే గొట్టంలో నూనె ఉంటే పేలుడు జరగవచ్చు. "కొంచెమే కదా" అనకండి, కొంచెమే చాలు. రింగుకు వాడాల్సింది శుద్ధమైన సిలికాన్ గ్రీజు. అదీ వేలి కొసన అంటినంత. రింగు మెరవాలి, తెల్లటి ముద్ద కనబడకూడదు. రింగే సిలికాన్ రబ్బరుదైతే ఆ గ్రీజు కూడా వద్దు, ఉబ్బిపోతుంది. ట్రిగ్గర్ సియర్ (ట్రిగ్గర్ నొక్కేదాకా సుత్తిని పట్టి ఉంచే కొక్కెం) మీద కూడా నూనె వద్దు. దుమ్ము పట్టి, ట్రిగ్గర్ బరువు (నొక్కడానికి పట్టే బలం) రోజుకో తీరుగా మారుతుంది.

సర్వీసు అయ్యాక ట్రిగ్గర్ బరువు తప్పక చూడండి. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నియమం ప్రకారం కనీసం 500 గ్రాములు ఉండాలి. బ్యారెల్ నిటారుగా, గాలి నింపి, కాక్ చేసి పరీక్షిస్తారు. గాలి లేకుండా చూసుకున్న బరువును నమ్మకండి. నేను 520 దగ్గర ఉంచుతాను, పరికరాల తనిఖీలో గుండె దడ ఉండదు. సిలిండర్ మీది తేదీ కూడా అప్పుడే చదవండి. పదేళ్ళు దాటితే అది పోటీకి పనికిరాదు. వెనక సైటు ఊగుడు, గ్రిప్ మర, బ్యారెల్ పట్టే మరలు మీకు తెలిసినవే.

అభ్యాసం

ఏడు రోజులు, రోజూ ఒకే వేళకు సిలిండర్ ప్రెజర్, గది ఉష్ణోగ్రత రెండూ రాయండి. మొదటి నాలుగు రోజులు సిలిండర్ విడిగా, చివరి మూడు రోజులు తగిలించి. ఆ తర్వాత వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు 60 షాట్లు కాల్చండి, పోటీలో కాల్చేవీ అన్నే. పదేసి చొప్పున, మధ్యలో అయిదేసి నిమిషాల విరామం. సిలిండర్ తీశాక, పిస్టల్‌లో మిగిలిన గాలి పోవడానికి రెండు ఖాళీ షాట్లు, ఎప్పటిలాగే.

ప్రతి పదిలోనూ మొదటి షాట్ వేగాన్ని వేరే వరుసలో రాయండి. విరామం తర్వాతి మొదటి షాట్ ప్రతిసారీ మిగతావాటికన్నా వేగంగా వస్తుంటే, రెగ్యులేటర్ సీటు నుంచి గాలి మెల్లగా లోపలికి ఊరుతోంది. గేజులో అది కనబడదు. అయిదో పాఠంలో రెగ్యులేటర్ విప్పేది ఆ వరుస చూసుకునే కాబట్టి, కాగితం దాచండి.