మధుమేహ నిర్ధారణ, 3వ పాఠం: అనుమానం నుంచి నిర్ధారణ వరకు

వేలి నుంచి రక్తపు చుక్క తీసే పద్ధతిని గత పాఠంలో నేర్చుకున్నాం. శ్రీకాకుళం జిల్లాలో పనిచేసే ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, ప్రయోగశాల సిబ్బంది ఈ పాఠంలో గ్లూకోమీటరు చూపిన అంకెను ఎంతవరకు నమ్మాలో నేర్చుకుంటారు.

కవిటి మండలంలో లక్షణాలేవీ లేని ఒక కూలీకి పరగడుపున గ్లూకోమీటరులో డెసిలీటరుకు 131 మి.గ్రా. వచ్చిందనుకుందాం. నిర్ధారణకు హద్దు 126 కనుక వెంటనే ‘షుగర్ ఉంది’ అని రాయబుద్ధవుతుంది. అయితే 100కు పైబడిన విలువల్లో 95 శాతం రీడింగులు అసలు విలువకు 15 శాతం అటూఇటూగా ఉంటే చాలునని అంతర్జాతీయ ప్రమాణమే అంగీకరిస్తుంది. అంటే అసలు విలువ 114 కావచ్చు, 154 కావచ్చు. పైగా పనస తొనలు ఒలిచిన వేలిని సబ్బుతో కడిగించకుండా స్పిరిటు దూదితో తుడిచి ఊరుకుంటే, వేలికి అంటిన తీపి కూడా లెక్కలోకి వస్తుంది.

‘ఏమైనా తిన్నావా అమ్మా’ అని మాత్రమే అడగకండి. వేకువనే తాగిన చోడి అంబలినీ టీనీ మనవాళ్లు తిండిగా లెక్కించరు. రాత్రి ఎన్ని గంటలకు తిన్నారో, లేచాక ఏమి తాగారో విడివిడిగా అడిగి, 8 గంటల విరామం ఉందని తేలాకే నమూనా తీయండి.

నిర్ధారణకు సిరనుంచి తీసిన రక్తమే కావాలి. సీసాలో చేరిన తరువాత కూడా రక్తకణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి. మామూలు సీసాలో అది గంటకు 5 నుంచి 7 శాతం వరకు తగ్గుతుంది. బూడిదరంగు మూత సీసాలోని ఫ్లోరైడు దీనిని అడ్డుకుంటుంది గాని, మొదటి గంటల్లో పూర్తిగా ఆపలేదు. అందువల్ల సీసాను మంచు పెట్టెలో ఉంచి, తీసిన సమయం రాసి, వీలైనంత త్వరగా ప్రయోగశాలకు చేర్చి ప్లాస్మాను, అంటే కణాలు తీసేసిన రక్తద్రవాన్ని, వేరు చేయించాలి. నా దృష్టిలో ఆ సమయం రాయని నమూనాను వెనక్కి పంపడమే న్యాయం, ఎందుకంటే ఆలస్యమైన నమూనా జబ్బున్న మనిషిని ఆరోగ్యవంతుడిగా చూపి ఇంటికి పంపేస్తుంది.

రక్తంలో గ్లూకోజు మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షకు 6.5 శాతం హద్దు. దీనికి పరగడుపు అవసరం లేదు, కాని మన జిల్లాలో దీనిని గుడ్డిగా నమ్మరాదు. ఇనుము లోపించిన రక్తహీనతలో ఇది ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. ఉద్దానంలో ముదిరిన మూత్రపిండ వ్యాధితో రక్తం ఎక్కించుకుంటున్నవారిలోనూ, గిరిజన గూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్నవారిలోనూ తక్కువగా కనిపించవచ్చు. అటువంటివారికి ప్లాస్మా గ్లూకోజు పరీక్షనే ఆధారం చేసుకోవాలి.

అతిదాహం, అతిమూత్రం, బరువు తగ్గడం వంటి లక్షణాలు స్పష్టంగా ఉండి, ఏ వేళ తీసిన ప్లాస్మా గ్లూకోజు అయినా 200 గాని అంతకు మించి గాని ఉంటే ఆ ఒక్క ఫలితమే చాలు. లక్షణాలు లేనివారికి హద్దు దాటిన రెండు ఫలితాలు ఉండాలి.

అభ్యాసం: మీ రిజిస్టరులో ఒక్క గ్లూకోమీటరు రీడింగుతోనే మధుమేహమని రాసిన పేర్లను గుర్తించి, వైద్యాధికారికి చూపి, మందులు ఆపకుండానే వారి నిర్ధారణను సరిచూసే మార్గం అడగండి. గర్భిణులకు హద్దులు వేరు. అవి 4వ పాఠంలో.