బోటుకి వంటసామాను కొనేముందు

నెల్లూరు జిల్లా జువ్వలదిన్నె రేవు నుంచి రోజుల తరబడి చేపల వేటకెళ్లే బోటుకి వంటసామాను ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధంలోనే తీరిగ్గా చూసుకోండి.

ముందు గ్యాస్ సంగతి. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, బోటు అడుగున చేరి ఇంజిన్ దగ్గర నిప్పురవ్వ కోసం కాచుక్కూర్చుంటుంది. సిలిండర్ డెక్ మీదే, నిలువుగా, తాడుతో బిగించాలి. ట్యూబు జాయింట్లకి సబ్బునురగ రాసి చూడండి, అగ్గిపుల్ల గీసి కాదు.

– స్టవ్ చుట్టూ గిన్నె జారకుండా కమ్మీ కట్టించండి.

– లోతు గిన్నెలే తీసుకోండి, సగానికి మించి నింపొద్దు. అన్నానికి కుక్కర్ మేలు: మూత ఊడదు, గ్యాసూ కలిసొస్తుంది.

– స్టీలే కొనండి. అల్యూమినియం ఉప్పుగాలికి గుంటలు పడుతుంది, చింతపండు పులుసుకి అసలే పడదు. పులుసు మట్టిదాకలోనే కావాలని ఎవరన్నా మారాం చేస్తే, ఒడ్డుకొచ్చాక వండుకోమనండి.

– గాజు సీసాలు వద్దు.