నరాల నొప్పికి తక్కువ మోతాదు ఓపియాయిడ్లు: వాడే పద్ధతి

షుగర్ వల్ల అరికాళ్లలో పుట్టే మంటకూ, సర్పి మానిన తరువాత కూడా పక్కటెముకల వెంట మిగిలిపోయే పోటుకూ మామూలు నొప్పి బిళ్లలు పెద్దగా పనిచేయవు. ఇటువంటి నరాల నొప్పికి ముందుగా వాడవలసినవి ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్ వంటి మందులు. వాటిని తగిన మోతాదులో కొన్ని వారాలు వాడినా ఉపశమనం లేనప్పుడు, లేదా అవి శరీరానికి పడనప్పుడు మాత్రమే వైద్యులు ఓపియాయిడ్ (ట్రమడాల్, టాపెంటడాల్, బుప్రెనార్ఫిన్, మార్ఫిన్ వంటి నల్లమందు తరహా నొప్పి మందు) గురించి ఆలోచిస్తారు.

మందు మొదలుపెట్టే ముందే లక్ష్యాన్నీ గడువునూ వైద్యుడితో కలిసి నిర్ణయించుకోవాలి. నొప్పి పూర్తిగా పోతుందని ఆశించకూడదు. మూడో వంతు తగ్గినా మంచి ఫలితమే. రాత్రి ఎంతసేపు నిద్ర పట్టిందో, పగలు ఎంత దూరం నడవగలిగారో ప్రతిరోజూ ఒక పుస్తకంలో రాసుకోండి. సుమారు నాలుగు వారాల్లో ఆ రాతల్లో మెరుగుదల కనిపించకపోతే, మోతాదు పెంచుకుంటూ పోకుండా మందును క్రమంగా మానడమే మేలు. నా దృష్టిలో ఈ చికిత్స మొత్తంలో ఇదే కీలకం, ఎందుకంటే శరీరం అలవాటు పడ్డాక ఆపడం చాలా కష్టమవుతుంది.

ట్రమడాల్‌ను సాధారణంగా 50 మిల్లీగ్రాములతో, రోజుకు ఒకటి రెండుసార్లుగా మొదలుపెడతారు. రోజుకు 400 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. 75 ఏళ్లు దాటినవారికి 300, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారికి 200 మించకూడదు. టాపెంటడాల్‌లో నెమ్మదిగా విడుదలయ్యే రకానికి షుగర్ నరాల నొప్పి కోసం అమెరికాలో 2012లో అనుమతి లభించింది. ఇటువంటి ఎస్.ఆర్. బిళ్లలను విరచకూడదు, నూరకూడదు. అలా చేస్తే రోజంతా పనిచేయవలసిన మందు ఒక్కసారిగా రక్తంలో చేరుతుంది. చర్మంపై అంటించి ఏడు రోజులకొకసారి మార్చే బుప్రెనార్ఫిన్ ప్యాచ్ మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అనువైనది, కానీ దానిపై వేడినీళ్ల సంచితో కాపడం పెట్టకూడదు.

ఇతర మందులతో కలిసినప్పుడు ఏమి జరుగుతుందన్నది మరింత శ్రద్ధగా చూడవలసిన విషయం. మార్ఫిన్‌నూ గాబాపెంటిన్‌నూ కలిపి ఇస్తే, విడివిడిగా ఇచ్చినప్పటికంటే తక్కువ మోతాదులోనే ఎక్కువ ఉపశమనం కలిగిందని కెనడాలో జరిగి 2005లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. అయితే అదే జత శ్వాసను నెమ్మదింపజేయగలదు కనుక, వృద్ధుల్లోనూ, నిద్రలో ఊపిరి ఆగే గురక ఉన్నవారిలోనూ చాలా జాగ్రత్త అవసరం. ట్రమడాల్‌ను అమిట్రిప్టిలిన్‌తో గాని డులాక్సెటిన్‌తో గాని కలిపితే చెమటలు, వణుకు, గందరగోళం, అరుదుగా మూర్ఛ కూడా రావచ్చు. ట్రమడాల్ రక్తంలో చక్కెరను పడగొట్టగలదు కూడా. అందువల్ల ఇన్సులిన్ తీసుకునేవారు మొదటి వారాల్లో తరచుగా పరీక్షించుకోవాలి. నిద్రమాత్రలు, మద్యం పూర్తిగా మానాలి. తెలంగాణలో కొన్నిచోట్ల అమ్మే కల్తీ కల్లులో అల్‌ప్రజోలం వంటి మత్తుమందులు కలుపుతారు కాబట్టి, కల్లు తాగే అలవాటును వైద్యుడి దగ్గర దాచకండి. ఎంత లేపినా లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదించినా ఇంట్లోవారు వెంటనే 108కు ఫోన్ చేయాలి.

వికారం, మగత చాలామందిలో కొద్ది రోజులకే తగ్గుతాయి. మగత ఉన్నన్నాళ్లూ బండి నడపకూడదు. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుకే మొదటి రోజు నుంచే విరేచనం సాఫీగా అయ్యే మందు రాయించుకోవాలి.

ట్రమడాల్ 2018 నుంచి మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉంది. చీటీ లేకుండా ఇచ్చే షాపు కోసం వెతకకుండా, ఒకే వైద్యుడి చీటీతో ఒకే షాపులో కొనండి. మార్ఫిన్ అవసరమైన కొద్దిమందికి అది గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో దొరుకుతుంది, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల దీన్ని వాడటంలో అనుభవమున్న వైద్యులు ఉన్నారు. బిళ్లలను తాళం వేసి ఉంచండి, మరొకరికి ఇవ్వకండి.

మానదలచినప్పుడు ఒక్కసారిగా ఆపితే ఒళ్లునొప్పులు, విరేచనాలు, ఆందోళన కలుగుతాయి. ఏడాదికి పైగా వాడినవారు నెలకు పదోవంతు చొప్పున తగ్గించుకోవడం మంచిది. మధ్యలో నొప్పి పెరిగితే పాత మోతాదుకు వెళ్లకుండా, వైద్యుడిని సంప్రదించి ఉన్నచోటే కొన్ని వారాలు ఆగి, తరువాత మళ్లీ తగ్గించవచ్చు.