బ్యాకప్ ఉంది, కానీ లెక్కలు లేవు

సమస్య: వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం (రైతుల సరుకు కమీషన్‌కి అమ్మిపెట్టేది) అనుకోండి. మిర్చి సీజన్. మధ్యాహ్నం మూడింటికి హార్డ్ డిస్క్ పోయింది. బ్యాకప్ నిన్న రాత్రి పదింటిది. పొద్దున కాంటా అయిన బస్తాలు, రాసిన తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం చీటీలు), రైతులకిచ్చిన అడ్వాన్సులు అందులో లేవు.

కారణం: రాత్రికోసారి బ్యాకప్ అంటే, ఒక రోజు పని పోయినా ఫర్వాలేదని ఒప్పుకున్నట్టే. ఎంతసేపటి డేటా పోతే తట్టుకోగలం అనే ఈ హద్దునే ఆర్‌పీఓ (రికవరీ పాయింట్ ఆబ్జెక్టివ్) అంటారు.

పరిష్కారం: ఓనర్‌ని అడిగితే "ఒక్క ఎంట్రీ కూడా పోవద్దు" అంటాడు, ఖర్చు చెప్పేదాకా. అడగాల్సింది గుమస్తాని. "రెండు గంటల పనైతే కార్బన్ కాపీలు చూసి మళ్లీ ఎక్కిస్త సార్" అన్నాడా, ఆర్‌పీఓ రెండు గంటలు. బ్యాకప్ గంటన్నరకోసారి పెట్టండి, అది పూర్తవడానికీ టైం పడుతుంది కదా. సీజన్ అయిపోయాక రోజుకోసారి చాలు.

సమస్య: డేటా క్లౌడ్‌లో భద్రంగా ఉంది, దుకాణం మాత్రం మర్నాడు కూడా తెరుచుకోలేదు.

కారణం: ఎంతసేపట్లో పని మళ్లీ మొదలవ్వాలో, అంటే ఆర్‌టీఓ (రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్, రవాణా ఆఫీసు కాదు), ఎవరూ లెక్కేయలేదు. 100 ఎంబీపీఎస్ లైన్ పూర్తి వేగంతో నడిచినా గంటకు 45 జీబీ దిగుతుంది. 400 జీబీకి దాదాపు 9 గంటలు. కొత్త కంప్యూటర్, విండోస్, సాఫ్ట్‌వేర్ లైసెన్స్ పని దీనికి అదనం.

పరిష్కారం: ఆ 400లో ఖాతాలు రెండు మూడు జీబీలే ఉంటాయి, మిగతాదంతా పాత స్కాన్లు, కెమెరా వీడియోలు. ఖాతాల బ్యాకప్ విడిగా పెట్టి ముందు అదే దింపండి. మార్కెట్ సెలవు రోజున వేరే కంప్యూటర్‌లో రీస్టోర్ చేసి, నిన్నటి తక్‌పట్టీ ఒకటి తెరిచి చూడండి. పట్టిన టైం రాసుకోండి. నేను నమ్మే ఆర్‌టీఓ అదొక్కటే.

సమస్య: కంప్యూటర్, బ్యాకప్ డిస్క్ రెండూ ఒకేసారి పోయాయి.

కారణం: రెండూ ఒకే టేబుల్ మీద ఉన్నాయి. 2023 జూలై వానలకు వరంగల్, హనుమకొండ కాలనీలు మునగడం చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వరద లేకున్నా, ఎప్పుడూ తగిలించి ఉంచిన డిస్క్‌ని రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బులడిగే వైరస్) కూడా లాక్ చేస్తుంది.

పరిష్కారం: రెండు డిస్కులు వంతులవారీగా వాడండి. ఒకటి దుకాణంలో, ఇంకోటి ఇంటి పై అంతస్తులో.